చుక్కానికి మినహాయింపు, గదికి సుంకం

వాటర్లూలో మా ఇంటికి ఆదివారాలు భోజనానికి వచ్చే స్టూడెంట్లకి నేను కస్టమ్స్‌లో రిటైరయ్యానని తెలియగానే కళ్ళు మెరుస్తాయి. "ఆంటీ, అయితే నా వర్క్ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ గురించి..." అని మొదలుపెడతారు. నాయనా, నేను చూసింది మనుషుల్ని కాదు, సరుకుల్ని అంటాను. మెరుపు ఆరిపోతుంది. కాస్త పప్పు మారు వడ్డించుకుని పక్కవాడితో క్రికెట్‌లో పడిపోతారు.

ఈ మధ్య సార్నియా నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం వదల్లేదు. అక్కడి కాలేజీలో సప్లై చైన్ చదువుతోంది. "సరుకుల్లో ఇంట్రెస్టింగ్‌గా ఏముంటుంది ఆంటీ?" అని అడిగింది. ఆ గొంతులో కుతూహలం కంటే జాలి ఎక్కువ వినపడింది. ఆ జాలికి సమాధానంగానే ఇది రాస్తున్నాను.

టొరంటో ఎయిర్‌పోర్టు కార్గో గోడౌన్లలో చాలాకాలం పనిచేశాక, మావారికి న్యూఫౌండ్‌లాండ్‌లో యూనివర్సిటీ ఉద్యోగం వచ్చింది. నేనూ అక్కడికి బదిలీ అడిగాను. అడిగిన వెంటనే ఇచ్చారు. అప్పుడే అనుమానించాల్సింది. నాకిచ్చిన చోటు ఆయన ఉన్న ఊళ్ళో కాదు. కారులో సగం రోజు ప్రయాణం చేస్తే వచ్చే దక్షిణ తీరంలో, ఒక చేపల రేవు. బందరులో పుట్టినా చేప ముట్టని ఇంట్లో పెరిగినదాన్ని నేను. ఆ ఊళ్ళో గాలి కూడా మాంసాహారమే. మొదటి వారమంతా ముక్కుకి స్కార్ఫ్ చుట్టుకుని తిరిగాను. చలికి తట్టుకోలేకపోతున్నానని ఊరివాళ్ళు జాలిపడి రెండు మఫ్లర్లు అల్లి ఇచ్చారు.

పొగమంచు లేని రోజున మా ఆఫీసు కిటికీలోంచి సముద్రం అవతల నల్లటి గీత ఒకటి కనిపించేది. అది సెయింట్ పియర్ దీవి. కెనడాకి చేతికందేంత దూరంలో ఉన్నా అది కెనడా కాదు, ఫ్రాన్స్. ఎప్పుడో రాజులు యుద్ధాలు చేసి, సంధులు రాసుకుని, ఈ వైపున ఫ్రాన్స్‌కి ఆ కాస్త రాతినేల మిగిల్చారు. అక్కడ యూరోలు చెల్లుతాయి. గడియారం మాకంటే అరగంట ముందు నడుస్తుంది. మా గడియారమేమో పక్క రాష్ట్రాలకంటే అరగంట ముందు. ఇండియాలో పుట్టినదాన్ని కాబట్టి ఈ అరగంటల లెక్క నన్నేమీ తికమకపెట్టలేదు. అక్కడ నాకు తేలిగ్గా వచ్చిన విద్య అదొక్కటే.

కస్టమ్స్ వాళ్ళకి ఆ దీవితో, దాని పక్కనున్న దీవులతో ఒక చిక్కుంది. యూరప్ దేశాలతో కెనడాకి వాణిజ్య ఒప్పందం ఉంది. మన వస్తువు అక్కడికి వెళ్ళి బాగుచేయించుకుని తిరిగొస్తే సుంకం పడదు. ఆ దీవులు ఫ్రాన్స్‌వే, ఫ్రాన్స్ యూరప్‌లోదే. కానీ సుంకాల కోసం యూరప్ వాళ్ళు గీసుకున్న గీతకు ఆ దీవులు బయట పడ్డాయి. జెండా ఫ్రాన్స్‌ది, రొట్టె ఫ్రాన్స్‌ది, కోపం కూడా ఫ్రాన్స్‌దే. సుంకం దగ్గరికొచ్చేసరికి మాత్రం యూరప్ కాదు. పెళ్ళిలో దూరపు చుట్టం లాంటి వ్యవహారం. శుభలేఖలో పేరుంటుంది, పంక్తిలో విస్తరి ఉండదు.

ఆఫీసులో మేం ముగ్గురం. మా సూపర్‌వైజరు ఆ ఊరివాడే. పెద్ద పొట్ట, నిదానమైన మనిషి. మొదటిరోజు నన్ను చూసి, "టీ తాగుతావా, మై లవ్?" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. సాయంత్రం ఫోన్లో మావారికి చెబితే, ఆయన కొంచెంసేపు ఆలోచించి, "నిన్నొక్కదాన్నే అన్నాడా, అందర్నీ అంటాడా?" అని అడిగారు. మర్నాడు కనిపెట్టి చూశాను. పోస్ట్‌మాన్‌ని అన్నాడు, పాస్టర్‌ని అన్నాడు, ఫెర్రీ కెప్టెన్‌ని అన్నాడు. మావారు నిశ్చింతగా నిద్రపోయారు. నాకే కొంచెం చిన్నతనమనిపించింది.

రెండోవాడు న్యూ బ్రన్స్‌విక్ నుంచి వచ్చిన యువ ఆఫీసరు. ఫ్రెంచి మాతృభాష, చట్టం రెండో మాతృభాష. నవ్వగా మేమెప్పుడూ చూడలేదు. సుంకాల పుస్తకం అతనికి కంఠతా వచ్చు. సూపర్‌వైజరుకి ఊరందరి చుట్టరికాలూ కంఠతా వచ్చు. ఏ కేసు వచ్చినా ఒకరు సెక్షన్ చెప్పేవారు, ఇంకొకరు "పాపం, వాళ్ళ అమ్మమ్మ..." అని మొదలుపెట్టేవారు. సంతకం మాత్రం నాది.

ఆ వసంతంలో, పీతల సీజన్ మొదలవడానికి కొద్దివారాల ముందు, మా రేవు జాలరి ఒకడు తన పడవను పరీక్షగా ఓ తిప్పు తిప్పి వద్దామని బయలుదేరాడు. యాభై దాటినవాడు, మాటలు తక్కువ. పొగమంచు కమ్మేసింది. కొట్టుకొస్తున్న దుంగ ఏదో పడవ వెనకభాగానికి గుద్దుకుంది. చుక్కాని ఊడిపోయింది, పలకలు పగిలి నీళ్ళు వచ్చేశాయి. సాయం కోసం రేడియోలో పిలిస్తే సెయింట్ పియర్ వాళ్ళు విని, తమ పడవలతో వెళ్ళి లాక్కొచ్చి బతికించారు. మరమ్మతు అక్కడే జరిగింది. కొన్ని వారాల తర్వాత తన పడవలోనే తిరిగొచ్చి, నేరుగా మా ఆఫీసుకు నడిచి వచ్చాడు.

ఏం డిక్లేర్ చేస్తావని అడిగాను. "చుక్కాని, మిస్సస్" అన్నాడు. వెనక పలకలు కూడా అన్నాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "ఇంకా కొంచెం ఉంది" అన్నాడు.

ఆ 'కొంచెం' చూడటానికి ముగ్గురం రేవుకు వెళ్ళాం. పడవ నడిపేవాడు నిలబడే గది ఉంటుంది కదా, వీల్‌హౌస్ అంటారు. అది మొత్తం కొత్తది. గుండ్రటి మూలలు, తేనెరంగు వార్నిష్, ఇత్తడి బందులు. అల ఎంత ఊపినా టీ కప్పు దొర్లిపోకుండా చిన్న కమ్మీ ఉన్న అరలు. కిందేమో పడవ యథాప్రకారం పెచ్చులూడిన ముసలిది. చిరుగుల పంచె కట్టుకున్నవాడికి పట్టు తలపాగా చుట్టినట్టుంది.

జరిగింది ఇది. వాతావరణం కుదిరేదాకా ఖాళీగా కూర్చోలేక, ఈ జాలరి ఆ వీధిలో అందరి వలలూ బాగుచేసిపెట్టాడు. పడవలు కట్టే వడ్రంగి ఒకాయన తన ఇంట్లోనే పెట్టుకుని భోజనం పెట్టాడు. ఈయనకి ఫ్రెంచి రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. వేళ్ళతో చూపించుకుంటూ స్నేహితులైపోయారు. చుక్కానికీ పలకలకీ వడ్రంగి డబ్బు తీసుకున్నాడు. వీల్‌హౌస్‌కి మాత్రం పైసా పుచ్చుకోలేదట.

ఇక్కడ నిబంధన ఒక్క ముక్క చెప్పాలి. కెనడా పడవకి బయట అనుకోని ప్రమాదం జరిగితే, క్షేమంగా తిరిగి రావడానికి అవసరమైన మరమ్మతు మీద సుంకం లేదు. అవసరం మించి చేయించుకున్నదాని మీద ఉంది, అదీ పడవల మీదైతే బరువైన సుంకం. చుక్కాని అవసరమని వేరే చెప్పక్కర్లేదు. టీ కప్పుల అర అత్యవసరమా? పైగా యూరప్ లోపల చేయించుకుని ఉంటే ఈ గొడవే లేదు. నీళ్ళ మీద గీసిన ఒక గీత మూలంగా నేను ఆ అర ముందు నిలబడి ఆలోచించాల్సి వచ్చింది.

సూపర్‌వైజరు, ఆ పొగమంచులో పాత గది కూడా దెబ్బతినే ఉంటుంది, ఎవరు చూడొచ్చారన్నాడు. యువ ఆఫీసరు, జాలరి ఫోన్లో ప్రమాదం తర్వాత తీసిన ఫోటోలున్నాయనీ, పాత గది వాటిలో నిక్షేపంగా ఉందనీ చెప్పాడు. ఆ ఫోటోలు చూపించింది జాలరే. నిజాయితీపరుల కేసులే కష్టం. దొంగల కేసుల్లో నాకెప్పుడూ నిద్ర చెడలేదు.

తేలేదాకా పడవ కదలడానికి వీల్లేదు. సీజన్ తెరుచుకుంది. మిగతా పడవలన్నీ వెళ్ళిపోతున్నాయి. ఆయన పడవ మీద పనిచేసే ఇద్దరూ రేవులో కూర్చుని సముద్రం వైపు చూస్తున్నారు. వేరే పడవ వాళ్ళు రమ్మంటే ఇంకా వెళ్ళలేదు గానీ, ఎన్నాళ్ళు ఆగుతారు? జాలరి భార్య చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. షిఫ్ట్‌కి వెళ్తూ పొద్దున్నే ఆయనకి టీ తెచ్చిచ్చి, మా ఆఫీసు వైపు ఒకసారి చూసి వెళ్ళేది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. లేదు. పైగా నాకూ ఒక ఫ్లాస్కు నిండా టీ పంపించింది. నేను తీసుకోకూడదు. వెనక్కి పంపడానికి చెయ్యి రాక బల్ల మీదే ఉంచేశాను, చల్లారిపోయింది.

"రూల్ ప్రకారం వెళ్ళిపో, టెన్షన్ ఎందుకు?" అన్నారు మావారు ఫోన్లో.

"రూల్ టీ పట్టుకుని రేవులో నిలబడదు కదండీ" అన్నాను.

చివరికి సూపర్‌వైజరే ఒక దారి చెప్పాడు. పాత గది తిరుగు ప్రయాణానికి తట్టుకోదని పని చేసినవాడే చెబితే, కొత్తది అవసరమైన మరమ్మతు కిందికి వస్తుంది. వడ్రంగిని అడుగుదాం అన్నాడు. యువ ఆఫీసరు ఫోన్ చేశాడు. అవతల నుంచి పెద్ద గొంతు చాలాసేపు వినిపించింది. ఫోన్ పెట్టేసి, "తన పని గురించి ఫోన్లో మాట్లాడడట. స్వయంగా వస్తాడట" అన్నాడు.

ఆ శుక్రవారం ఫెర్రీలో దిగాడు. సన్నటి మనిషి, కోటు, టై, నున్నగా దువ్విన తెల్లజుట్టు. ఏమైనా డిక్లేర్ చెయ్యాలా అంటే, "నా గౌరవం" అన్నాడట. యువ ఆఫీసరు అది మాకు అనువదించి, వర్గీకరణ దొరకలేదన్నట్టు మొహం పెట్టాడు.

నలుగురం, జాలరితో కలిపి అయిదుగురం, పడవ దగ్గర నిలబడ్డాం. కాస్త దూరంలో ఆయన భార్య, ఆ ఇద్దరు పనివాళ్ళు. వడ్రంగి ముందుగా పడవెక్కి, తన గదిని నాలుగు వైపులా నిమిరి, మేం ఏమైనా పాడుచేశామా అని చూసుకున్నాడు. తర్వాత ప్రశ్నలకు సిద్ధమన్నాడు.

"పాత గది ప్రయాణంలో కూలిపోయేదేనా, అడుగు" అన్నాడు సూపర్‌వైజరు, అవునను అన్నట్టు తలాడిస్తూ.

వడ్రంగి నవ్వేశాడు. యువ ఆఫీసరు అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేశాడు. "అది కూలదు. అది అనాకారిది. అనాకారివి కూలవు, మనందరినీ సాగనంపి ఉంటాయి."

మరి ఎందుకు తీసేశావని అడిగాను.

"నా రేవులోంచి వెళ్ళే పడవ మీద అలాంటిది కనిపిస్తే, చూసినవాళ్ళు నేనే కట్టాననుకోరూ?"

సూపర్‌వైజరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తొందరలో, అత్యవసరంగా చేసిన పని కదా అని ఇంకో వైపు నుంచి వచ్చాడు. అది అనువాదమయ్యేసరికి వడ్రంగి మొహం ఎర్రబడింది. ఆ మూల చూడండి, తొందరలో చేసినట్టుందా? ఆ తలుపు మూసి చూడండి. సూపర్‌వైజరు మూసి చూశాడు. చప్పుడు కాలేదు. అది తొందర పని కాదని ఒప్పుకోక తప్పలేదు.

అసలు సుంకమేమిటి, నేను ఫ్రాన్స్ పౌరుణ్ణి, యూరప్‌తో మీకు ఒప్పందం లేదా అని వడ్రంగి ఎదురు తిరిగాడు. దానికి జవాబు యువ ఆఫీసరే చెప్పాడు. ముందు ఫ్రెంచిలో ఆయనకి చెప్పి, తర్వాత మాకోసం తిరిగి చెప్పాడు: "మీరు ఫ్రాన్సే సర్. యూరప్ కాదు. సుంకం మట్టుకు."

వడ్రంగి చెయ్యెత్తి సముద్రాన్నీ, దీవి వైపు గీతనీ, మమ్మల్నీ కలిపి చూపించి ఒక పొట్టి వాక్యం అన్నాడు. దాన్ని మాత్రం యువ ఆఫీసరు అనువదించలేదు.

సూపర్‌వైజరు పట్టు వదల్లేదు. అంతా అవసరమేనని ఒక్క మాట చాలు, అది చెబితే పడవ ఈ పూటే కదులుతుంది, నీ స్నేహితుడికి మేలు చేసినట్టవుతుందని చెప్పమన్నాడు. అది విన్నాక వడ్రంగి నోరు తెరిచి, మూసి, జాలరి వైపు చూశాడు. మొదటిసారి ఆ మనిషి చిన్నబోయినట్టు కనిపించాడు. చెబుదామనే అనుకున్నాడనుకుంటాను. మాట రావడం లేదు.

అప్పుడు జాలరి మాట్లాడాడు. అన్ని రోజుల్లో ఆయన నోట అంత పొడుగు మాట వినలేదు.

"ఆగండి. ఆయన పనిని ఆయన చేతే తక్కువ చేయించకండి. అవసరం లేదు, నిజమే. అవసరం లేకపోయినా చేశాడు. నా జన్మలో నాకెవరూ అలా చెయ్యలేదు. సుంకం వెయ్యండి, మిస్సస్."

వెనక ఆయన భార్య మొహం పక్కకి తిప్పుకుంది. అంత సుంకం ఎక్కణ్ణించి తేవాలో ఆవిడకి తెలియదు. నాకూ తెలుసు, ఆవిడకి తెలియదని. పెన్ను మూత తియ్యడానికి కావలసినదానికంటే ఎక్కువ టైం తీసుకున్నాను.

సరే, సుంకమే వెయ్యాలి. దేని మీద? ధర లేదు. ధర లేనప్పుడు కలప ఎంత, శ్రమ ఎంత అని మేమే విలువ కట్టాలి. విలువ చెప్పమంటే ఈ మహానుభావుడు ఏం చెబుతాడో ఊహించుకుని సూపర్‌వైజరు కళ్ళు మూసుకున్నాడు. నేను మాత్రం ఆ గంటసేపూ వడ్రంగినే చూస్తున్నాను. మా బందరులో ఒక కంసాలి ఉండేవాడు. గొలుసు బాగుందంటే మురిసేవాడు కాదు. "చాలా కష్టపడ్డట్టున్నారే" అంటే మాత్రం అవమానపడేవాడు.

"ఇంత పని. ఒక నెలైనా పట్టి ఉంటుంది కదా?" అని అడిగించాను.

వడ్రంగి నన్ను ఎగాదిగా చూశాడు. నెల పట్టేది నేర్చుకునేవాడికి అన్నాడు. తనకి వారం కూడా పట్టలేదు. అందులో ఒకరోజు వాళ్ళావిడ పుట్టినరోజు, పని ముట్టుకోలేదు. ఇంకోరోజు సగం వాన.

మరి ఇంత మంచి కలప?

కొత్త కలపతో ఎవడైనా కడతాడన్నాడు. ఇది పాత పడవలు విప్పినప్పుడు మిగిలిన చెక్క, షెడ్డు వెనక పడి ఉండేది. ఇత్తడి బందులు? ముక్కలైపోయిన ఓడవి, పారెయ్యబుద్ధి కాక ఉంచాడు. గాజు? పక్కింటివాళ్ళు కిటికీ మార్చుకుంటే పారేసింది. ఒక్కొక్క గొప్పా చెప్పుకుంటున్నకొద్దీ గది విలువ మెట్టు మెట్టుగా దిగుతోంది. సూపర్‌వైజరు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

యువ ఆఫీసరు నమ్మలేదు. నమ్మకపోవడం అతని ధర్మం. గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని అరల అడుగున టార్చి వేసి చూశాడు. పాత మేకుల కన్నాలున్నాయి, పాత రంగు మరకలున్నాయి. బయటికొచ్చి, నిజమేనన్నాడు.

ఆ దీవిలో కూలి రేటు ప్రకారం ఆ కొద్దిరోజుల శ్రమకీ, పాత చెక్కకీ లెక్క కడితే, తేలిన సుంకం మంచి చలికాలం బూట్ల జత ఖరీదంత అయింది. జాలరి భార్య కౌంటర్ దగ్గరికొచ్చి కార్డు గీకి, రసీదు రెండుసార్లు చదువుకుంది. మధ్యాహ్నం పోటుకే పడవ కదిలింది. వడ్రంగి రేవు చివరిదాకా నడిచి వెళ్ళి చూశాడు. తన గది ఎండలో ఎలా మెరుస్తోందో చూస్తున్నాడు. లోపలున్నవాడు చెయ్యి ఊపుతుంటే తిరిగి ఊపడానికి కాస్త ఆలస్యమైంది.

ఆఫీసుకు తిరిగి నడిచి వస్తుంటే యువ ఆఫీసరు నన్నడిగాడు, నెల పడుతుందని మీరు నిజంగానే అనుకున్నారా అని. నాకు వడ్రంగం తెలియదన్నాను. అది నిజమే. అతను తలూపాడు.

మొదటి వేట నుంచి రాగానే జాలరి నాకో బుట్టెడు బతికున్న పీతలు తెచ్చాడు. కాళ్ళు కదులుతున్నాయి. ఉద్యోగులం బహుమతులు తీసుకోకూడదని చెప్పాను. నా సర్వీసు మొత్తంలో నిబంధనని అంత భక్తిగా ఉటంకించిన సందర్భం మరొకటి లేదు.

సీజన్ అయిపోయింది. ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో జాలరి మళ్ళీ ఆఫీసుకొచ్చాడు, ఈసారి వెళ్ళకముందే. మరమ్మతు కోసం సెయింట్ పియర్ వెళ్తున్నాననీ, ప్రమాదమేమీ జరగలేదనీ, కాబట్టి మినహాయింపు అడగననీ, ఎంత సుంకం పడితే అంత కడతాననీ చెప్పాడు. ఏం మరమ్మతు అని అడిగాను.

"తలుపు కిర్రుమంటోంది" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

ఆ పనికి ఇక్కడ మీ ఇంట్లో కాస్త నూనె లేదా అని అడగాలనిపించింది. అడగలేదు. వెళ్ళిరమ్మన్నాను. భార్యాభర్తలిద్దరూ మంచి బట్టలు వేసుకుని, ఒక కేకు డబ్బా పట్టుకుని పడవెక్కారు.

వారం తర్వాత తిరిగొచ్చారు. ఇద్దరూ కాస్త ఒళ్ళు చేసినట్టున్నారు. యువ ఆఫీసరు ఫైలు తెరిచి, చేయించుకున్న మరమ్మతు ఏమిటని అడిగాడు.

"ఏమీ చెయ్యలేదు. తలుపు చూసి, బాగానే ఉందన్నాడు. రోజూ భోజనం పెట్టాడు."

యువ ఆఫీసరు చాలాసేపు ఆలోచించాడు. పేజీలు తిప్పాడు. సూపర్‌వైజరు నా వైపు భయంగా చూశాడు, భోజనానికి కూడా సెక్షన్ వెతుకుతున్నాడేమోనని. చివరికి పుస్తకం మూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా అన్నాడు:

"అది కడుపులో వచ్చింది. సరుకు కిందికి రాదు."

నలుగురం అతని వైపు చూశాం. అప్పుడు, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, అతను నవ్వాడు.